అతికిన ఎముక

మనిషిని చూపిస్తారనుకొని వచ్చిన సాలమ్మకు ఎటు చూడాలో మొదట తెలియలేదు. పెద్ద దవాఖానాలో ఒక గది, గది నడుమ పొడుగాటి స్టీలు బల్ల, బల్ల మీద తెల్లగుడ్డ, గుడ్డ మీద తల నుంచి పాదాల దాకా వరసగా పేర్చిన ఎముకలు. ఎర్రమట్టిలో నానినందువల్ల కాబోలు, అన్నీ టీ డికాషన్ రంగులో ఉన్నాయి. నల్లగా కాలిన ఎముకలు చూడాల్సి వస్తుందని ఆరేళ్లుగా ఆమె మనసు గట్టి చేసుకుంటూ వచ్చింది. ఇవి కాలినట్టు లేవు. అదే ముందుగా ఆమెను తికమక పెట్టింది.

తెల్లకోటు వేసుకున్న మనస్విని మేడం తొందర పెట్టలేదు. ఎముకలు చూసి మనిషి ఆడో మగో, వయసెంతో, ఎత్తెంతో చెప్పడం ఆవిడ పని. నారపల్లిలో ఇళ్ల ప్లాట్లు వేసే ఒక వెంచరు వాళ్లు ప్రహరీగోడకు పునాది తవ్విస్తుంటే జేసీబీ పళ్లకు పుర్రె తగిలింది. ఆ రోజు అక్కడికి వెళ్లి, మిషన్ ఆపించి, చిన్న బ్రష్షులతో, వెదురు పుల్లలతో మట్టి తీయించి, తీసిన మట్టినంతా జల్లెడ పట్టించింది ఆవిడే. అయినా వేళ్ల ఎముకలు కొన్ని దొరకలేదు. దొరకని చోట్లను గుడ్డ మీద ఖాళీగా వదిలిపెట్టింది.

తర్వాత పోలీసులు తప్పిపోయినవాళ్ల ఇళ్లకు తిరిగారు. సాలమ్మ కూతురు సంతోషి రక్తం తీసుకుపోయి, ఎముకలోంచి తీసినదానితో పోల్చి చూశారు. కలిసింది. బల్ల మీద ఉన్నది సాంబయ్యే. నాచారంలో మందుల కంపెనీ డ్రైయింగు రూములో హెల్పరుగా చేసిన సాంబయ్య. ఆరేళ్ల కిందట అక్కడ మంటలు లేచిన రోజు పొద్దున డ్యూటీకి పోయి మళ్లీ ఇంటికి రాని సాంబయ్య.

"మీ ఆయన అవునా కాదా అన్న అనుమానం ఇక లేదమ్మా," అన్నది మనస్విని. "కొన్ని సంగతులు మాత్రం మీరే చెప్పాలి. తెలిస్తే తెలుసనండి, తెలియకపోతే తెలియదనండి."

ఆవిడ వెదురు పుల్లతో పైపళ్ల వరస చూపించింది. ముందు పన్ను ఒక మూల విరిగి ఉంది. సాలమ్మ చప్పున గుర్తుపట్టింది. సోడా సీసాల మూతలు పళ్లతో తీసేవాడని, ఎంత చెప్పినా వినేవాడు కాదని చెప్పింది. చెబుతుంటే ఎందుకో నవ్వొచ్చింది. నవ్వుకు సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పుల్ల భుజాల మీదుగా, నడుము మీదుగా జరిగి కుడికాలి దగ్గర ఆగింది. మోకాలి కింద ఉండే పెద్ద ఎముక నడిమి భాగంలో చెరుకు గణుపులాగా ఉబ్బి ఉంది.

"ఈ కాలు ఎప్పుడైనా విరిగిందా? ఇంట్లోంచి వెళ్లేనాటికి?"

సాలమ్మ నోరు తెరిచేలోపు వెనక నుంచి రంజిత్ అందుకున్నాడు. "ఇరిగింది మేడం. చిన్నప్పుడు బండి మీదికెల్లి పడ్డడంట. అన్ననే చెప్పిండు నాకు."

రంజిత్ కాంట్రాక్టు కార్మికుల యూనియన్ మనిషి. మంటలు లేచిన మర్నాటి నుంచి కంపెనీ గేటు ముందు సాలమ్మ పక్కన కూర్చున్నవాడు, లాఠీ దెబ్బ తిన్నవాడు. సాంబయ్య మంటల్లో పోయాడని, కంపెనీవాళ్లు శవాన్ని మాయం చేశారని ఆమె అన్న ప్రతిసారీ అవునని గట్టిగా అన్నవాడు అతనొక్కడే.

"మిమ్మల్ని కాదండీ, ఆవిణ్ణి అడుగుతున్నాను," అన్నది మనస్విని.

సాలమ్మ రంజిత్ వైపు చూసింది. అతను కళ్లతోనే ఒప్పుకొమ్మన్నాడు. ఎందుకో, దేనికో ఆమెకు అర్థం కాలేదు. మేడం, రంజిత్, తలుపు దగ్గర నిలబడ్డ ఎస్సై, ఇంతమంది తన ముఖంలోకి చూస్తుంటే ఏదో ఒకటి చేయాలనిపించి తల ఊపింది.

మనస్విని పుల్లను గాలిలోనే కాసేపు పట్టుకొని నిలబడింది. మళ్లీ అడగలేదు. ఆ చూపు మాత్రం సాలమ్మ వెంట ఇంటిదాకా వచ్చింది.

*

ఉప్పల్ రింగురోడ్డు దగ్గర మెట్రో స్తంభం నీడలో టీ తాగుతున్నప్పుడు ఆమే అడిగింది, కాలు విరగలేదని చెబితే ఏమయ్యేదని.

రంజిత్ గ్లాసు కింద పెట్టాడు. విరిగిన ఎముక గట్టిపడి అంత నున్నగా కావాలంటే ఏడాది పైనే పడుతుందని, తన బావమరిది చెయ్యి విరిగినప్పుడు డాక్టరు చెప్పింది గుర్తుందని అన్నాడు. సాంబయ్య కాలు ఇంట్లో ఉండగా విరగలేదంటే ఇల్లు విడిచి పోయిన తర్వాత విరిగినట్టు. పోయిన తర్వాత విరిగి అతికిందంటే, మంటలు లేచిన రోజున అతను చావలేదన్నట్టు.

"అట్లయితే మనం ఆరేండ్ల సంది చెప్పిందంత అబద్ధమైతది వదినా. గేటు దాటి పోయిండని కంపెనోడు చెప్పిందే నిజమైతది."

డ్రైయింగు రూము వెనక తలుపుకు తాళం వేసి ఉన్న మాట నిజం కాదా అని అడిగాడు. ఆ తాళం వల్లే కదా లోపల పనిలో ఉన్న ఇద్దరు ఆడపిల్లలకు ముఖాలు కాలింది? ఆ కేసు ఎప్పుడో అటకెక్కింది. ఇప్పుడీ ఎముకలతో మళ్లీ కదులుతుంది. ఒక్క చిన్న మాట అటు ఇటు అయితే ఏం పోయిందన్నాడు. అతని గొంతులో మోసమేమీ లేదు. ఆయాసం ఉంది.

"గదంత సరే గని," అన్నది సాలమ్మ, "మరి బతికిండా?"

రంజిత్ జేబులోంచి టీ డబ్బులు తీశాడు. "నాకేం ఎరుక వదినా," అన్నాడు.

*

గేటు ముందు కూర్చున్న మనిషికి కంపెనీల్లో ఎవరూ పని ఇవ్వరు గనక సాలమ్మ నాచారంలో సుశీలమ్మగారి కర్రీ పాయింటులో చేస్తుంది. మర్నాడు పొద్దున బీరకాయలు చెక్కు తీస్తూ, ఉల్లిగడ్డలు తరుగుతూ, ఆమె ఆలోచన మొత్తం ఒక కాలు చుట్టూ తిరిగింది. ఆ కాలు ఆమెకు తెలుసు. డ్యూటీ దిగి వచ్చి గోడకు ఆనుకొని చాపినప్పుడు, పిక్కలు పట్టేసి లాగుతున్నాయన్నప్పుడు, నువ్వుల నూనె వేసి మోకాలి నుంచి మడమ దాకా ఎన్నిసార్లు రుద్దిందో. బొటనవేళ్లు రెండూ ఎముక మీద సాఫీగా జారేవి. ఎక్కడా గణుపు తగిలేది కాదు.

మధ్యాహ్నానికి పార్శిళ్లు మొదలయ్యాయి. పప్పు గరిటెతో కవరులో పోయడం, గాలి నింపి మెలితిప్పడం, రబ్బరుబ్యాండు వేయడం. చేతులు వాటంతటవే చేసుకుపోతున్నాయి. పప్పు అడిగినవాడికి పులుసు కట్టిచ్చింది. ఒకతను వెనక్కి వచ్చి మార్చుకుపోయాడు. సుశీలమ్మగారు కోప్పడలేదు. మనిషి దొరికాడన్న సంగతి ఆవిడకు తెలుసు. ఇంటికి పొమ్మంటే సాలమ్మే పోలేదు. ఇంట్లో చేతులకు పని ఉండదు.

బతికే ఉంటే? కాలు విరిగేదాకా బతికి, అతికేదాకా బతికి, అతికిన కాలితో నడిచి ఉంటే? నాచారానికీ నారపల్లికీ మధ్య ఎంత దూరం? ఉప్పల్‌లో బస్సు మారితే చాలు. తను గేటు ముందు మట్టిలో కూర్చొని గుండెలు బాదుకుంటున్నప్పుడు అతను ఆ పక్కనే ఎక్కడో మంచం మీద కాలు చాపుకొని పడుకున్నాడా? కోపం రావాలి. రాబోయినట్టే వచ్చి మధ్యలో ఆగిపోతోంది. ఏడుపూ అంతే. చచ్చిపోయాడని ఎప్పుడో ఏడ్చేసింది. ఇప్పుడు దేనికి ఏడవాలి, చచ్చినందుకా, బతికినందుకా?

సాయంత్రం సంతోషి ఉప్పల్‌లో తను పనిచేసే బట్టల షాపు నుంచి వచ్చింది. ఎస్సై ఆమెతోనూ మాట్లాడాడట. గిన్నెలో అన్నం కలుపుతూ, తల్లి ముఖం చూడకుండా అడిగింది.

"బాపు కాలు ఎప్పుడిరిగిందే అమ్మా? నన్ను గా కాళ్ల మీదనే కూసోవెట్టి ఊపుతుండె గద."

సాలమ్మ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. తను తల ఊపడం, రంజిత్ చెప్పిన లెక్క, అన్నీ. సంతోషి విన్నంతసేపు ముద్ద చేతిలోనే ఉంది.

"బతికుంటే ఇంటికి రాకపోవునా?" అన్నది.

తల్లీ కూతుళ్లిద్దరూ చెరొక గోడ వైపు చూస్తూ అన్నం తిన్నారు.

*

ఎస్సై మహిపాల్ ఆ స్టేషనుకు కొత్త. మర్యాదగానే మాట్లాడతాడు, కానీ ఎప్పుడూ తొందరలో ఉంటాడు. కాలు చిన్నప్పుడు విరిగిందే గనక మంటల రోజునే పోయాడన్న మాటతో అంతా సరిపోయిందని, అలా రాసిన కాగితం మీద సంతకం పెట్టిపొమ్మని మర్నాడు మధ్యాహ్నం సాలమ్మను పిలిపించాడు. ఆమె లోపలికి పోయేసరికి కిటికీ కింద బెంచీ మీద చలపతిరావు కూర్చొని ఉన్నాడు.

మంటలు లేచిన రోజు ఆ షిఫ్టుకు ఇన్‌చార్జి ఆయనే. సాంబయ్య గేటు దాటి వెళ్లడం చూశానని చెప్పింది ఆయనే. కంపెనీ తిండి తిన్న నోటితో అబద్ధమాడుతున్నాడని సాలమ్మ పదిమందిలో ఆయన ముఖాన మట్టి చల్లింది. అంతటితో ఊరుకోలేదు. మంటలు లేచిన తేదీ వచ్చినప్పుడల్లా ఆయన ఇంటి ముందు నిలబడి శాపనార్థాలు పెట్టింది. ఆయన భార్య కిటికీ రెక్కలు వేసుకునేది. ఆ బాధ పడలేక నాచారంలో ఇల్లు ఖాళీ చేసి పీర్జాదిగూడలో అపార్టుమెంటుకు మారిపోయారని తెలిసిన రోజు సాలమ్మకు కడుపు నిండినట్టయింది.

ఇప్పుడు ఆయన రిటైరయ్యాడు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. చేతిలో మందుల కవరు ఉంది. పొద్దున్నుంచి అక్కడే కూర్చోబెట్టారు. షుగరు మనిషినని, ఇంటికి పోయి నాలుగు మెతుకులు తిని వస్తానని కానిస్టేబుల్‌ను అడుగుతుంటే, అతను విననట్టే ఫోను చూసుకుంటున్నాడు.

"గీయననే ఇయ్యాల నిజం జెప్పాలె," అన్నాడు మహిపాల్. "గేటు దాటి పోయిండంటడు. మల్ల మనిషేమో మట్టిల దొరికె. మరెట్ల?"

చలపతిరావు బెంచీ పట్టుకొని లేచాడు. సాలమ్మను చూసి భయపడినట్టు ఒక అడుగు వెనక్కి వేశాడు. తర్వాత ఎప్పుడూ చెప్పే మాటే చెప్పాడు.

"నడిచే వెళ్లాడమ్మా. నా కళ్లతో చూశాను."

ఆ మాటను సాలమ్మ లెక్కలేనన్నిసార్లు విన్నది. విన్న ప్రతిసారీ ఒళ్లు మండిపోయేది. ఈసారి మండలేదు. మాట మాటలాగే వినిపించింది. నడిచే వెళ్లాడు. రెండు కాళ్లతో, ఏ గణుపూ లేని కాళ్లతో.

నోరు పెగల్చుకొని అక్కడే చెప్పేస్తే సరిపోయేది. కానీ ఏమని మొదలుపెట్టాలో తెలియలేదు. రేపొచ్చి సంతకం పెడతానని గొణిగి బయటపడింది. ఎటు పోతున్నదో తేల్చుకోకుండానే వచ్చిన షేర్ ఆటో ఎక్కింది. ఎక్కడ దిగుతావని డ్రైవరు అడిగితే పెద్ద దవాఖానా అన్నది. తన నోటి నుంచే విన్నాక ఎక్కడికి పోతున్నదో ఆమెకు తెలిసింది.

*

మనస్విని ఎముకలు సర్దుతోంది. ఒక్కొక్కటీ తీసి, మెత్తటి కాగితంలో చుట్టి, అట్టపెట్టెలో పెడుతోంది. పక్కటెముకలు అప్పటికే లోపలికి వెళ్లిపోయాయి. కాళ్లు ఇంకా బల్ల మీదే ఉన్నాయి. తలుపు దగ్గర సాలమ్మను చూసి ఆశ్చర్యపోలేదు. లోపలికి రమ్మని స్టూలు జరిపింది.

"చచ్చినోళ్ల బొక్క అతుక్కోదా మేడం?" అని అడిగింది సాలమ్మ కూర్చోకుండానే.

"అతుక్కోదమ్మా. ఎముక విరిగితే కొత్త ఎముక పుట్టి అతకాలి. అది బతికున్న ఒంట్లోనే జరుగుతుంది."

"ఇరగలే మేడం. మా ఇంట్ల ఉన్నన్నొద్దులు ఆయన కాలు ఇరగలే. మొన్న నేను తలకాయ ఊపిన గని, గది నిజం గాదు."

మనస్విని చేతి తొడుగులు తీసి పక్కన పెట్టింది. కోప్పడుతుందేమోనని సాలమ్మ ఎదురుచూసింది. ఆవిడ కోప్పడలేదు. కాలు చిన్ననాడు విరిగితే ఎదిగే వయసులో ఆ గణుపు చాలామటుకు కరిగిపోతుందని, ఇది అలా లేదని, పెద్దవాడయ్యాక విరిగినట్టే అనిపించిందని చెప్పింది. అనిపించడం వేరు, ఇంటి మనిషి చెప్పడం వేరు గనక రిపోర్టు పంపకుండా ఆపానన్నది. ఇంకొక రోజు చూసి తనే ఫోను చేద్దామనుకున్నదట.

సాలమ్మ ఆ ఎముకను ముట్టుకోవచ్చా అని అడిగింది. మనస్విని దాన్ని రెండు చేతులతో తీసి ఆమె చేతుల్లో పెట్టింది. అనుకున్నంత బరువు లేదు. సాలమ్మ బొటనవేళ్లు అలవాటుగా పైనుంచి కిందికి జారాయి, గణుపు దగ్గర ఆగాయి. చుట్టూ తడిమింది. గరుకు లేదు. ఎముక ఎక్కడా వంకర పోలేదు.

"మంచిగ అతికింది గదా మేడం."

"చాలా బాగా అతికింది. ఆపరేషను జరిగిన గుర్తులు లేవు. ఎవరో తిన్నగా పెట్టి కట్టు కట్టారు. కట్టినంత మాత్రాన కాదమ్మా, నెలల తరబడి కాలు కింద పెట్టకుండా చూసుండాలి. అన్నం, నీళ్లు మంచం దగ్గరికి అందించి ఉండాలి."

"ఎవలు?"

"అది ఎముక చెప్పదు."

ఎలా చనిపోయాడో కూడా చెప్పదన్నది. కొట్టిన, నరికిన గుర్తులు లేవు. ఎన్నాళ్లు మట్టిలో ఉన్నాడో కచ్చితంగా తేల్చడం కష్టం. కానీ మట్టిలో దొరికిన తీరు మాత్రం తను చూసింది. గొయ్యి లోతు తక్కువే అయినా, వెల్లకిలా, చేతులు రెండు పక్కలా చాపి, తల ఒక దిక్కుకు సరిగ్గా పెట్టి ఉంది. విసిరేసిన మనిషి అలా ఉండడు. పడుకోబెట్టిన మనిషి అలా ఉంటాడు.

సాలమ్మ ఎముకను వదల్లేదు. ఎవరిదో ఒక చెయ్యి ఈ కాలిని పట్టుకుంది. ఆడదో, మగవాడో, ముసలివాళ్లో. తనను కాదని వాళ్ల దగ్గర ఉన్నాడు. వాళ్లు లేకపోతే ఉండేవాడే కాదు. ఆ తెలియని మనుషుల మీద కడుపు మండింది. వాళ్లకే దండం పెట్టాలని కూడా అనిపించింది. ఏది నిలబెట్టుకోవాలో, ఏది తుడిచేసుకోవాలో తెలియక ఎముకను తిరిగి ఇచ్చేసింది.

"ఎవలు కట్టిన్రో గని, గట్టిగ కట్టిన్రు," అన్నది.

*

ఆమె చేసింది ఫోనులో చెప్పగానే రంజిత్ మండిపడ్డాడు. ఆరేళ్ల కష్టాన్ని ఒక్కపూటలో మట్టిలో కలిపావన్నాడు. కాలిన ముఖాలతో ఆ పిల్లలు ఇంకా బతుకుతున్నారని, వాళ్లకేం చెబుతావని అడిగాడు. తలుపు సంగతి తలుపుదేనని, కాలు సంగతి కాలుదేనని సాలమ్మ అన్నది. ఆ ముక్క తనకు కూడా పూర్తిగా అర్థం కాలేదు. కానీ అనేశాక వెనక్కి తీసుకోవాలనిపించలేదు. అతను ఫోను పెట్టేశాడు.

మర్నాడు పొద్దున స్టేషనులో మహిపాల్‌కు ఉన్నమాట చెప్పింది. అతను పెన్ను బల్ల మీద పడేశాడు. ఒకసారి ఒకటి, ఇంకోసారి ఇంకొకటి చెబితే తను పైవాళ్లకు ఏమని చెప్పాలన్నాడు. మేడం ఫోను చేసి అంతా చెప్పిందని తర్వాత తనే అన్నాడు. మంటల్లో పోలేదని తేలింది గనక ఇక నారపల్లిలో అడగాలి, అక్కడి బస్తీల్లో, పాత కూలీల్లో ఎవరైనా ఎరిగినవాళ్లుంటే చూడాలి. దొరుకుతారని మాట ఇవ్వలేనన్నాడు.

"ఎనక తలుపుకు తాళం ఉండె సార్," అన్నది సాలమ్మ. "గది గూడ రాయున్రి. నా మొగడు బతికిండని ఆ తాళం అబద్ధమైపోదు."

మహిపాల్ ఆమె వైపు ఒకసారి చూసి, మళ్లీ పెన్ను తీసుకున్నాడు.

బెంచీ మీద చలపతిరావు ఉన్నాడు. నిన్న సాయంత్రం పంపించి, పొద్దున్నే మళ్లీ రమ్మన్నారట. ఇక వెళ్లవచ్చని కానిస్టేబుల్ చెబితే ఆయనకు నమ్మకం కుదరలేదు. రెండోసారి అడిగి, కవరు చంకలో పెట్టుకొని, మెట్లు దిగాడు. సాలమ్మ వెనకాలే దిగింది. ఆవరణలో పట్టుకొచ్చిన బళ్లు దుమ్ము కొట్టుకొని వరసగా ఉన్నాయి. ఆమె అడుగుల చప్పుడు వినిపించి ఆయన ఒక బండికి ఆనుకొని ఆగిపోయాడు. మీదకు ఏదైనా వస్తుందేమోనని చెయ్యి కొంచెం పైకి లేచింది.

ఆ చెయ్యిని చూసి సాలమ్మ దూరంగానే ఆగింది. క్షమించమని అడగాలనే వచ్చింది. కానీ నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"సార్. గేటు దాటినంక ఆయన ఎటు పోయిండు?"

చలపతిరావు చెయ్యి కిందికి దించాడు. ఆమె వెక్కిరిస్తోందేమోనని ముఖంలోకి పరీక్షగా చూశాడు.

"ఆ మాట నన్నెవరూ అడగలేదమ్మా," అన్నాడు. "వెళ్లాడా లేదా అనే అడిగారు, అందరూ."

"నేను అడుగుతున్న. చెప్పున్రి."

ఆయన బండి సీటు మీది దుమ్ముకేసి చూస్తూ గుర్తు తెచ్చుకున్నాడు. లోపల పొగ, జనం కేకలు, తను గేటు దగ్గర నిలబడి బయటికొచ్చేవాళ్లను లెక్కపెట్టుకుంటున్నాడు. సాంబయ్య దగ్గుతూ వచ్చాడు. బాగున్నావా అంటే తల ఊపాడు.

"ముందు మీ ఇంటి వైపే నడిచాడమ్మా. మూల మీద వెల్డింగు షాపు ఉండేది చూడు, అక్కడిదాకా వెళ్లాడు. వెళ్లి ఆగిపోయాడు. నేను మళ్లీ చూసేసరికి అక్కడే నిలబడున్నాడు. కంపెనీ వైపు చూస్తాడు, ఇంటి వైపు చూస్తాడు. పిలిచాను. వినబడిందో లేదో. బస్సొచ్చి ఆగింది, ఎక్కలేదు. చాలాసేపటికి రోడ్డు దాటి ఉప్పల్ వైపు వెళ్లాడు."

"ఉరికిండా?"

"లేదు. మెల్లగా. ఎక్కడికెళ్తున్నాడో తనకే తెలియనట్టు వెళ్లాడు."

స్టేషను ముందు ఒక బస్సు ఆగి, జనాన్ని దింపి, ముందుకు పోయింది. సాలమ్మ ఇంకొంచెం దగ్గరికి వచ్చింది. ఈసారి ఆయన వెనక్కి జరగలేదు.

"మల్లొకసారి చెప్పున్రి సార్," అన్నది. "మా ఇంటి దిక్కు యాడిదాంక వచ్చిండు?"

చలపతిరావు మందుల కవరు బండి సీటు మీద పెట్టి, రెండు చేతులూ ఖాళీ చేసుకొని, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.